పాఠకుడి గురించి రెండు ఊహలు: గ్రాఫిక్ డిజైన్‌లో ఆధునికవాదం, ఆధునికోత్తరవాదం

గ్రాఫిక్ డిజైన్ చరిత్రను పరిచయం చేసేటప్పుడు ఆధునికవాదాన్నీ ఆధునికోత్తరవాదాన్నీ రెండు పోస్టర్ల సాయంతో వివరించడం పరిపాటి. మొదటి పోస్టర్‌లో విశాలమైన తెల్లటి ఖాళీ, చివర్లలో చిన్న గీతలు లేని సాన్స్ సెరిఫ్ అక్షరాలు, స్కేలు పెట్టి కొలిచినట్టున్న అమరిక కనిపిస్తాయి. రెండోదానిలో ఒకదానిమీద ఒకటి పడిన అక్షరాలు, చింపి అతికించిన ఫొటోలు, ఎక్కడ మొదలుపెట్టి చదవాలో వెంటనే తెలియని పేజీ ఉంటాయి. ఈ పోలిక గుర్తుపెట్టుకోవడానికి సులువే గాని, దానితో ఎక్కువ దూరం వెళ్లలేం. అమెరికాలో ఆధునికవాదానికి పెద్దదిక్కుగా నిలిచిన పాల్ రాండ్ 1981లో కంప్యూటర్ కంపెనీ ఐబీఎం కోసం ఒక కన్ను బొమ్మ, ఒక తేనెటీగ బొమ్మ, పక్కన ఎం అక్షరం పెట్టి, ఆ బొమ్మల ఇంగ్లీషు పేర్లను కలిపి చదివితే కంపెనీ పేరు వచ్చేలా పొడుపుకథ లాంటి పోస్టర్ చేశారు. మరోవైపు, ఆధునికవాద వాస్తుశిల్పాన్ని తప్పుపడుతూ రాబర్ట్ వెంటూరి, డెనిస్ స్కాట్ బ్రౌన్, స్టీవెన్ ఐజెనోర్ లాస్ వేగస్ నగరం గురించి 1972లో వెలువరించిన పుస్తకానికి మ్యూరియల్ కూపర్ నిఖార్సైన ఆధునికవాద శైలిలో డిజైన్ చేశారు. అది రచయితలకు నచ్చలేదు. 1977 నాటి ముద్రణను మామూలు పుస్తకంలా మార్పించారు. కంటికి కనిపించే లక్షణాలనే కొలమానంగా పెట్టుకుంటే ఈ రెండు సందర్భాల్లోనూ తప్పుడు జవాబే వస్తుంది.

ఈ రెండు ధోరణుల మధ్య అసలైన తేడా రెండు ప్రశ్నలకు అవి ఇచ్చే జవాబుల్లో ఉందని నా అభిప్రాయం. ఒక పేజీ చెప్పే అర్థం డిజైనర్ చేతికి వచ్చేసరికే పూర్తిగా తయారై ఉంటుందా, లేక ఆ పేజీ రూపంలోనే కొంత పుడుతుందా? ఆ పేజీని చదివే మనిషి ఎవరు? గ్రిడ్, ఖాళీ, రంగు, అక్షరరూపం వంటి నిర్ణయాలన్నీ ఈ రెండింటి వెనకే వస్తాయి.

ఆధునికవాదం ఇచ్చిన జవాబు మొదటి ప్రపంచ యుద్ధం మిగిల్చిన శిథిలాల మధ్య రూపుదిద్దుకుంది. 1919లో వాల్టర్ గ్రోపియస్ జర్మనీలోని వైమార్‌లో బౌహౌస్ అనే కళా, డిజైన్ పాఠశాలను స్థాపించారు. అదే ఏడాది రష్యాలో కళాకారుడు ఎల్ లిసిట్స్కీ ఒక ఎర్రని త్రికోణం తెల్లని వృత్తాన్ని చీల్చుకుని పోతున్నట్టు గీసి, రాజకీయ సందేశాన్ని కేవలం జ్యామితితో చెప్పారు. అలంకారాలతో, జాతీయ గర్వంతో నిండిన పాత దృశ్యభాషే ఐరోపాను యుద్ధంలోకి నడిపిన సంస్కృతిలో భాగమని ఆ తరం నమ్మింది. అందుకే వాళ్లకు సరళత కేవలం అభిరుచికి సంబంధించిన విషయం కాలేదు. అది సామాజిక బాధ్యత అయింది. బౌహౌస్‌లో హెర్బర్ట్ బేయర్ 1925లో పెద్దబడి అక్షరాలే లేని వర్ణమాలను ప్రతిపాదించారు. ఒకే ధ్వనికి రెండు గుర్తులెందుకన్నది ఆయన ప్రశ్న. ప్రతి నామవాచకాన్నీ పెద్దబడి అక్షరంతో మొదలుపెట్టే జర్మన్ భాషలో ఆ ప్రశ్న ఎంత తీవ్రమైనదో ఊహించవచ్చు. 1928లో జర్మన్ డిజైనర్ యాన్ చికోల్డ్ నూతన టైపోగ్రఫీపై, అంటే అక్షరాలను ఎంచి అమర్చే కొత్త పద్ధతిపై, రాసిన పుస్తకం ఈ ఆలోచనలను ప్రెస్సులో పనిచేసేవారు నేరుగా వాడుకోగల నియమాలుగా మార్చింది. నడిమి గీతకు అటూ ఇటూ సమానంగా తూగే పాత అమరిక, ముందే నిర్ణయించిన ఒక ఆకారంలోకి విషయాన్ని బలవంతంగా దూర్చుతుందనీ, అసమాన అమరిక విషయపు ప్రాధాన్యాలను బట్టే రూపం తీసుకుంటుందనీ ఆయన వాదించారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ ఆలోచన స్విట్జర్లాండ్‌లో పద్ధతిగా స్థిరపడింది. దాని గుండెకాయ గ్రిడ్. పేజీని కొన్ని నిలువు కాలమ్‌లుగా, అడ్డంగా కొన్ని అరలుగా విభజించి, అరల మధ్య ఖాళీని అక్షరాల వరుసల ఎత్తుకు సరిపోయేలా నిర్ణయిస్తారు. ఆ తర్వాత ఏ ఫొటో అయినా ఒక అరను గాని, రెండు అరలను గాని, నాలుగు అరలను గాని నింపాలి. ఏ శీర్షిక అయినా ఏదో ఒక కాలమ్ అంచున మొదలుకావాలి. డిజైనర్ ఇష్టాయిష్టాలకు ఆస్కారం తగ్గి, ఒకే స్థాయి విషయాలు ఎక్కడ వచ్చినా ఒకేలా కనిపిస్తాయి కాబట్టి పాఠకుడు రెండు మూడు పేజీలు తిప్పేసరికి ఆ క్రమం అలవాటవుతుంది. 1958లో జ్యూరిక్ నుంచి మూడు భాషల్లో మొదలైన నోయె గ్రాఫిక్ పత్రిక ఈ పద్ధతిని ప్రపంచానికి చూపింది. దాని సంపాదకుల్లో ఒకరైన యోసెఫ్ ముల్లర్ బ్రోక్‌మన్ జ్యూరిక్ టోన్‌హాలె సంగీతశాల కోసం 1955లో చేసిన బేతోవెన్ పోస్టర్‌లో సంగీతకారుడి ముఖం గాని, వాద్యం గాని లేవు. నల్లని వృత్తఖండాల వెడల్పు గణిత నిష్పత్తిలో పెరుగుతూ పోతుంది, ఆ పెరుగుదలలోనే సంగీతపు ఉధృతి వినిపించినంత పనవుతుంది. గ్రిడ్ పద్ధతి చప్పిడి పద్ధతి అనేవారు ఈ పోస్టర్‌ను తీరిగ్గా చూడాలి.

1957లో వచ్చిన రెండు టైప్‌ఫేస్‌లు (ఒకే తీరులో రూపొందించిన అక్షరాల సమితులు) ఈ పద్ధతికి అక్షరాలను సమకూర్చాయి. ఆడ్రియన్ ఫ్రూటిగర్ యూనివర్స్‌ను మందం, వెడల్పు, వాలు మారే 21 రూపాల కుటుంబంగా ఒక్కసారే ప్రణాళిక వేశారు. మాక్స్ మీడింగర్, ఎడ్వర్డ్ హాఫ్‌మన్ కలిసి హాస్ టైప్ ఫౌండ్రీ కోసం చేసిన నోయె హాస్ గ్రొటెస్క్ 1960లో హెల్వెటికాగా పేరు మార్చుకుంది. అక్షరం తన గురించి ఏమీ చెప్పుకోకుండా, రాసినదాన్ని మాత్రమే అందించాలన్నది వీటి ఆశయం. ఈ ఆశయాన్ని అందరికీ గుర్తుండేలా చెప్పిన, ముద్రణకళపై రాసిన బియాట్రిస్ వార్డ్ మాత్రం ఆధునికవాది కారు. మంచి ముద్రణ ద్రాక్షసారాయి రంగు స్పష్టంగా కనిపించే స్ఫటిక పాత్ర లాంటిదని ఆమె 1930లో లండన్‌లో చేసిన ప్రసంగంలో అన్నారు. ఆమె మనసులో ఉన్నవి సంప్రదాయ సెరిఫ్ అక్షరాల పుస్తకాలు. రెండు భిన్న శిబిరాలు ఒకే ఆదర్శాన్ని పంచుకున్నాయంటే, ఆ ఆదర్శానికి ఒక ప్రత్యేక శైలితో పని లేదన్నమాట. అర్థం ముందే ఉంది, రూపం దానికి అడ్డు రాకుండా ఉంటే చాలన్న నమ్మకం ఆ రెండు శిబిరాలదీ.

మరి ఆ స్ఫటిక పాత్రలోంచి చూసే మనిషి ఎవరు? ఆధునికవాదం ఊహించిన పాఠకుడు ఏ దేశానికీ వర్గానికీ ప్రత్యేకంగా చెందడు. అతనికి కళ్లూ బుద్ధీ ఉన్నాయి, వెతుకుతున్న సమాచారం ఉంది. ఈ ఊహలో గొప్ప ఔదార్యం ఉంది, ఎందుకంటే అందులో అందరూ సమానులే. దాని పరిమితి ఎక్కడ బయటపడుతుందో 1972లో న్యూయార్క్ సబ్‌వే కోసం మాసిమో విన్యెల్లీ చేసిన మ్యాప్ చూపిస్తుంది. ప్రతి రైలు మార్గానికీ ఒక రంగు గీత, ప్రతి స్టేషన్‌కూ ఒక చుక్క, గీతలన్నీ 45 లేదా 90 డిగ్రీల కోణాల్లోనే తిరగాలి. భూమి కింద ప్రయాణించేవారికి కావలసింది ఏ స్టేషన్ తర్వాత ఏది వస్తుంది, ఎక్కడ మారాలి అన్నదేనని విన్యెల్లీ తర్కం. ఆ తర్కానికి అనుగుణంగా, పొడవుగా సన్నగా ఉండే సెంట్రల్ పార్క్ మ్యాప్‌లో బూడిదరంగు చతురస్రంగా మారింది, నీళ్లు లేత గోధుమరంగులోకి వచ్చాయి. బ్రాడ్‌వే మీది 50వ వీధి స్టేషన్ ఎనిమిదో అవెన్యూకు తూర్పున ఉండగా మ్యాప్‌లో పడమరకు జరిగింది. న్యూయార్క్ వాసులు ఊరుకోలేదు. స్టేషన్ మెట్లెక్కి బయటికొచ్చిన మనిషి తనకు తెలిసిన నగరంలోనే నడవాలి. ఆ నగరం అతని మనసులో ముందే ఉంది. 1979లో ఆ మ్యాప్‌ను తీసేసి, నేల రూపురేఖలకు దగ్గరగా ఉండే మ్యాప్ పెట్టారు.

విన్యెల్లీ మ్యాప్ చెడ్డదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. సమాచారాన్ని అంత స్వచ్ఛంగా వడగట్టిన పటాలు అరుదు. 2011లో వారాంతపు రైళ్ల మార్పులు చూపడానికి దాని కొత్త రూపాన్ని ఇంటర్నెట్‌లోకి తెచ్చారు. 2025లో అధికారిక మ్యాప్ కూడా మళ్లీ అలాంటి రేఖాచిత్ర పద్ధతికే వచ్చింది. 1972లో పొరపాటు ఎక్కడ జరిగిందంటే, ప్రయాణికుడు ఏ జ్ఞాపకమూ లేకుండా ఆ మ్యాప్ ముందుకు వస్తాడనుకోవడంలో.

తటస్థత కూడా కాలంతో పాటు తటస్థంగా మిగలలేదు. 1950, 60 దశకాల్లో పెద్ద కంపెనీలు ఆధునికవాద డిజైన్‌ను ఆప్యాయంగా స్వీకరించాయి. 1956లో రాండ్ రూపొందించి, 1972లో అడ్డచారలతో మార్చిన ఐబీఎం లోగో, దాన్ని ఎక్కడ ఎలా వాడాలో చెప్పే మార్గదర్శకాలు, మిగతా కంపెనీలకు నమూనా అయ్యాయి. అన్ని చోట్లా హెల్వెటికా కనిపించేసరికి అది కంపెనీల గొంతుగా వినిపించడం మొదలైంది. తన యౌవనంలో ఆ అక్షరాలు వియత్నాం యుద్ధాన్ని సమర్థించిన కంపెనీలను గుర్తుచేసేవని డిజైనర్ పౌలా షేర్ చెప్పారు. ఏ అర్థమూ లేకుండా ఉండాలని తయారైన అక్షరానికే ఒక తరం ఇంత బరువైన అర్థాన్ని అంటగట్టగలిగినప్పుడు, అర్థం లేని రూపం ఉంటుందన్న నమ్మకానికి పునాది కదిలినట్టే.

ఆ సందేహం అందరికన్నా ముందు కలిగినవారిలో చికోల్డ్ ఒకరు. 1933లో నాజీలు ఆయన్ను అరెస్టు చేశారు; విడుదలయ్యాక కుటుంబంతో స్విట్జర్లాండ్ చేరారు. అక్కడ ఆయన క్రమంగా సమాన అమరికకూ సెరిఫ్ అక్షరాలకూ తిరిగి వెళ్లారు. 1946లో స్విస్ డిజైనర్ మాక్స్ బిల్ దీన్ని వెనకడుగని విమర్శించగా, తాను ఒకప్పుడు ప్రచారం చేసిన నూతన టైపోగ్రఫీలోని అసహనం, ఒకే సత్యం కోసం పట్టుబట్టే గుణం నాజీ మనస్తత్వానికి దగ్గరగా ఉన్నాయని చికోల్డ్ జవాబిచ్చారు. ఆ పోలిక అన్యాయమని నాకనిపిస్తుంది, ఎందుకంటే నాజీలు మూసివేయించిన వాటిలో బౌహౌస్ కూడా ఉంది. అయితే ఒకే నియమం అందరికీ సరిపోతుందన్న ధీమాను ఆ ఉద్యమపు రూపకర్తే ప్రశ్నించడం చిన్న విషయం కాదు. 1947 నుంచి 1949 వరకు పెంగ్విన్ సంస్థలో ఆయన వందలాది చౌక పుస్తకాల అక్షర అమరికను సరిదిద్దారు. అక్కడ ఆయన పట్టించుకున్నది ఆ పుస్తకాన్ని చదివేవారి సుఖాన్ని, సిద్ధాంతాన్ని కాదు.

ఆధునికోత్తరవాదం బయటినుంచి వచ్చిన దాడి అనుకునేవారికి దాని వంశవృక్షం ఆశ్చర్యం కలిగిస్తుంది. వోల్ఫ్‌గాంగ్ వైన్‌గార్ట్ అక్షరాలు పేర్చే పని నేర్చుకుని, స్విస్ పద్ధతికి కోట అయిన బాసెల్ పాఠశాలకు వచ్చి, 1968 నుంచి అక్కడే బోధించారు. మాట మధ్యలో అక్షరాల మందం మార్చడం, వాటి మధ్య ఖాళీని విపరీతంగా పెంచడం, పేరా అంచులను మెట్లుమెట్లుగా కత్తిరించడం, ఫిల్ములను పొరలుపొరలుగా పేర్చి ముద్రించడం ఆయన ప్రయోగాల్లో కొన్ని. గ్రిడ్ ఎందుకు పనిచేస్తుందో క్షుణ్ణంగా తెలిసినవారికే దాన్ని ఎక్కడ విరిస్తే ఏమవుతుందో తెలుస్తుంది. ఆయన దగ్గర చదివిన ఏప్రిల్ గ్రైమన్ ఆ పద్ధతిని లాస్ ఏంజెలెస్‌కు తీసుకెళ్లారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కళ్లు జిగేల్మనే సంగీత పోస్టర్లు గీసిన విక్టర్ మొస్కోసో యేల్ విశ్వవిద్యాలయంలో బౌహౌస్ గురువు యోసెఫ్ ఆల్బర్స్ దగ్గర రంగుల సిద్ధాంతం నేర్చుకున్నవారే. పక్కపక్కన పెట్టకూడదని నేర్చుకున్న రంగులనే ఆయన పక్కపక్కన పెట్టారు, త్వరగా చదివించాల్సిన పోస్టర్‌ను వీలైనంత ఆలస్యంగా చదివించారు. మిషిగన్‌లోని క్రాన్‌బ్రూక్ అకాడమీలో 1971 నుంచి 1995 వరకు డిజైన్ విభాగాన్ని భర్తతో కలిసి నడిపిన క్యాథరిన్ మెకాయ్ కూడా అంతకుముందు విన్యెల్లీ సహస్థాపకుడిగా ఉన్న యూనిమార్క్ డిజైన్ సంస్థలో పనిచేశారు.

క్రాన్‌బ్రూక్‌లో ఈ తిరుగుబాటుకు సిద్ధాంతం దొరికింది. రచన అర్థాన్ని రచయిత ఉద్దేశంలో వెతకనక్కర్లేదనీ, అది చదివేవారి దగ్గర రూపుదిద్దుకుంటుందనీ ఫ్రెంచ్ విమర్శకుడు రోలాండ్ బార్త్ 1967లో వాదించారు. అదే కాలంలో తత్వవేత్త జాక్ డెరిడా, రాతను మాటకు నీడగా చూసే పాత అలవాటును ప్రశ్నించారు. రాత మాటకు నీడ కాకపోతే, అక్షరాల అమరిక కూడా విషయానికి నీడ కానక్కర్లేదు. 1978లో క్రాన్‌బ్రూక్ విద్యార్థులు ఫ్రెంచ్ సాహిత్య సిద్ధాంతంపై వచ్చిన విజిబుల్ లాంగ్వేజ్ పత్రిక ప్రత్యేక సంచికను డిజైన్ చేశారు. మొదటి వ్యాసం మామూలుగానే ఉంటుంది. తర్వాతి వ్యాసాల్లో పదాల మధ్య, వరుసల మధ్య ఖాళీ పెరుగుతూ, మార్జిన్లు కనుమరుగవుతూ, చివరికి పేజీ నిండా పదాలు విడివిడిగా తేలుతుంటాయి. పక్కకు చదవాలా, కిందికి చదవాలా అన్నది పాఠకుడే తేల్చుకోవాలి. వరుసగా చదవడం సహజమైనదేమీ కాదు, అది మనకు నేర్పిన అలవాటని ఆ సంచిక వివరించకుండానే రుజువు చేసింది. చదివేవారిని ఇబ్బంది పెట్టిందన్న విమర్శ నిజమే. చదవడం గురించే రాసిన వ్యాసాలకు ఆ ఇబ్బంది అవసరమైందన్నది నా తీర్పు.

గతంతో సంబంధం కూడా మారింది. ఆధునికవాదికి గతం దాటివచ్చిన మజిలీ. ఆధునికోత్తరవాదికి అది ఇప్పటికీ పలికే భాష. పౌలా షేర్ 1980లలో స్వాచ్ గడియారాల కోసం, హెర్బర్ట్ మాటర్ 1930లలో చేసిన స్విస్ పర్యాటక పోస్టర్‌నే దాదాపు యథాతథంగా మళ్లీ చేసి గడియారాలు జోడించారు. కొందరు దాన్ని దొంగతనమన్నారు, కొందరు చమత్కారమన్నారు. మూలాన్ని గుర్తుపట్టే చూపరికి ఒక అర్థం, పట్టనివారికి మరొకటి కలగడమే ఆ పోస్టర్ పనితీరు. ఒకే పాఠకుణ్ణి ఊహించే పద్ధతిలో దానికి చోటే లేదు.

వివాదం అంతటికీ కేంద్రం మాత్రం చదవడానికి వీలుగా ఉండటమంటే ఏమిటన్నదే. 1984లో రూడీ వాండర్‌లాన్స్ మొదలుపెట్టిన ఎమిగ్రె డిజైన్ పత్రికకు జుజానా లిచ్కో తొలినాటి మకింతోష్ కంప్యూటర్ తెర మీద చుక్కలతో కట్టిన అక్షరాలను తయారుచేశారు. ఏ అక్షరమూ స్వతహాగా సులువైనది కాదనీ, మనం ఎక్కువగా చదివేదాన్నే బాగా చదవగలమనీ 1990లో ఆమె వాదించారు. దీనికి చరిత్రలో గట్టి సాక్ష్యం ఉంది. మనకు ఇప్పుడు ముళ్లకంపలా కనిపించే ఫ్రాక్టూర్ అక్షరాలను జర్మన్లు తరాల తరబడి హాయిగా చదివారు. 1941లో నాజీ ప్రభుత్వమే వాటిని నిషేధించింది. అయితే విన్యెల్లీ ఎమిగ్రెను చెత్త కర్మాగారమన్నారు. రాండ్ 1992లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి, అక్కడి బోధన పట్టిన కొత్త దారికి నిరసనగా, తప్పుకున్నారు. అక్కడి డిజైన్ విభాగానికి నేతృత్వం చేపట్టిన షీలా లెవ్రంట్ డి బ్రెట్‌విల్, పాఠకుల భాగస్వామ్యాన్నీ స్త్రీవాద దృష్టినీ బోధనలోకి తెచ్చినవారు. 1993లో విమర్శకుడు స్టీవెన్ హెల్లర్ క్రాన్‌బ్రూక్ విద్యార్థుల పనిని ఉదాహరణగా తీసుకుని, వికారమే ఒక మతంగా మారిందని రాశారు. డిజైనర్ డేవిడ్ కార్సన్ రే గన్ సంగీత పత్రికలో ఒక గాయకుడి ఇంటర్వ్యూ విసుగు పుట్టించిందని దాన్ని మొత్తంగా గుర్తుల ఫాంట్‌లో అచ్చువేసినప్పుడు హెల్లర్ భయం నిజమైందనిపిస్తుంది. అక్కడ పాఠకుడికి అర్థం నిర్మించుకునే అవకాశం పెరగలేదు. మాట్లాడిన మనిషి మాట పూర్తిగా పోయింది, మిగిలింది డిజైనర్ ఒక్కడే.

లిచ్కో వాదంలో నాకు సందేహం ఉన్న చోటు ఒకటుంది. అలవాటుతో ఏ అక్షరమైనా సులువవుతుందన్నది నిజమైనా, మందుసీసా మీది మోతాదును చదివే మనిషికి అలవాటు పడేంత వ్యవధి లేదు. సమయం ఉన్న పాఠకుడు, లేని పాఠకుడు అన్న విభజన ఈ చర్చలో రెండు పక్షాలూ సరిగా పట్టించుకోనిది.

ఈ మార్పుకు కంప్యూటరే కారణమని తరచూ అంటారు. 1984లో మకింతోష్, 1985లో పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ వచ్చాక పొరలు వేయడం, అక్షరాలను సాగదీయడం చౌకైన మాట నిజమే. కానీ వైన్‌గార్ట్ ఫిల్ము ముక్కలతో చేతితో చేసిన పని అంతకు దశాబ్దం ముందుది. గ్రైమన్ 1986లో డిజైన్ క్వార్టర్లీ పత్రిక 133వ సంచికను, మడతలు విప్పితే దాదాపు ఆరడుగుల పొడవుండే ఒకే పోస్టర్‌గా, తన దేహపు చిత్రంతో మకింతోష్ మీద రూపొందించారు. యంత్రం ఆ పనికి సాధనమిచ్చింది, ప్రశ్నను మాత్రం ఆమె బాసెల్ నుంచే తెచ్చుకున్నారు.

ఇప్పుడు తెరల మీద ఈ రెండు వారసత్వాలూ కలగాపులగంగా ఉన్నాయి. 2013లో ఆపిల్ తన ఫోన్ల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 7తో తోలు, కలప వంటి అనుకరణ నమూనాలను తీసేసి చదునైన రంగులకూ సన్నని సాన్స్ సెరిఫ్ అక్షరాలకూ మారినప్పుడు, స్విస్ పద్ధతి తిరిగొచ్చిందన్నారు. ఆ సన్నని అక్షరాలు చదవడం కష్టంగా ఉందని చాలామంది వాడకందార్లు ఫిర్యాదు చేశారు. స్విస్ పద్ధతి రూపం వచ్చింది గాని, స్పష్టత పట్ల దానికున్న పట్టుదల రాలేదు. ఇంకోవైపు, 1981లో సంగీత ఛానెల్ ఎంటీవీ లోగో తన ఆకారాన్ని మాత్రం నిలుపుకుంటూ రంగూ ఉపరితలమూ నిత్యం మార్చుకున్నప్పుడు అది ఐబీఎం తరహా క్రమశిక్షణకు ధిక్కారం; ఇవాళ మారే లోగో కంపెనీల మార్గదర్శకాల్లోనే ఒక అధ్యాయం.

ఇంతకన్నా లోతైన మార్పు తక్కువ ఆర్భాటంగా జరిగింది. వెబ్ పేజీల సౌలభ్య ప్రమాణాల 2008 నాటి రెండో కూర్పు, మామూలు పరిమాణపు అక్షరాలకూ వాటి వెనకటి రంగుకూ మధ్య ప్రకాశ వ్యత్యాసం కనీసం 4.5:1 ఉండాలనీ, అక్షరాలను 200 శాతం వరకు పెంచుకున్నా పేజీ పనిచేయాలనీ అడుగుతుంది. కొలత, నిష్పత్తి, అందరికీ ఒకే నియమం: ఇదంతా ఆధునికవాదపు భాషే. కానీ ఆ నియమం ఎవరికోసం పుట్టిందో చూస్తే, చూపు తగ్గినవారు, రంగులు వేరుగా కనిపించేవారు, అక్షరాన్ని పెద్దది చేసుకుని చదివేవారు, అంటే ఒకరిలా మరొకరు లేని పాఠకులు. ఆ పాఠకులు తమ తెర మీద అక్షరం పరిమాణాన్ని పెంచగానే డిజైనర్ పేర్చిన కాలమ్‌లు విడిపోయి ఒకదాని కింద ఒకటిగా వస్తాయి. ఆ కదలికను ముందే ఊహించి గ్రిడ్‌ను గీయడమే ఇప్పుడు డిజైనర్ల రోజువారీ పని.